పక్కవాటాలో పిల్లాడు

నిడదవోలు లాంటి ఊళ్లో పక్కవాటాలో పోపు వేస్తే ఇవాళ వాళ్లింట్లో ఏం కూరో మనకి తెలిసిపోతుంది. మధ్యగోడ ఒక్కటే. దొడ్డి ఒక్కటే. మేడమెట్లు ఒక్కటే. రాత్రిపూట కరెంటు పోయి ఫ్యాన్లు ఆగితే అవతలివాళ్ల దగ్గు కూడా వినపడుతుంది. అలాంటి చోట ఒక పిల్లాడు రోజూ దెబ్బలు తింటుంటే తెలియకపోవడం అంటూ ఉండదు. మొదటిరోజు అన్నం దగ్గర మారాం చేశాడేమో అనుకుంటాం. నాలుగోరోజు టీవీ సౌండు పెంచుతాం. నెల తిరిగాక వాడు మెట్ల మీద ఎదురై, మోచేతి పైన తేలిన వాత కనపడితే, చెప్పు సరిచేసుకునే వంకతో కిందికి వంగుతాం.

ఇక ఆ రాత్రి మనలో మనకే తగువు. ఎవరికైనా చెప్పాలా? చెప్పాక అది నిజం కాకపోతే? నిజమే అయితే మాత్రం, రేప్పొద్దున వాళ్ల మొహం ఎలా చూడాలి?

మొదటి రెండు ప్రశ్నలకి చట్టంలో జవాబులున్నాయి. మనల్ని ఆపేది మూడోది. పిల్లల సహాయానికి పెట్టిన 1098 అనే నంబరు బడి గోడల మీద, రైల్వే స్టేషన్లలో రాసి ఉంటుంది. దాన్ని చదవని చదువుకున్నవాళ్లు తక్కువ. అవసరమైనప్పుడు నొక్కినవాళ్లు ఇంకా తక్కువ.

నిడదవోలు పేరు ఎత్తుకున్నది ఇక్కడేదో ఘోరం బయటపడిందని కాదు. జంక్షను స్టేషను, కాలవ, మునిసిపాలిటీ, చుట్టూ వరిచేలు. మరీ పల్లె కాదు, పట్నమూ కాదు. ఎవరు ఎవరి తాలూకో నాలుగు వీధుల దాకా తెలిసే ఊరు. మొహమాటం ఎక్కువగా పనిచేసేది ఇలాంటి చోటే. పక్క ఫ్లాటులో ఎవరున్నారో తెలియని హైదరాబాదులో ఫోన్ చేయడానికి అడ్డం బద్ధకం. ఇక్కడ అడ్డం చుట్టరికం.

‘మనకెందుకండీ?’

వీధిలో వినపడే మాటలు ఇవి.

“ఆళ్ల పిల్లాడు, ఆళ్లిష్టం. మజ్జన మనకెందుకండీ?”

“మొన్న సంక్రాంతికి అరిసెలు పంపించారు కదే అమ్మా, ఇప్పుడెళ్లి వాళ్ల మీద పోలీసులకి చెప్తావా?”

“మా నాన్నగారు నన్ను ఇంతకన్నా ఎక్కువే కొట్టేవారు. చెడిపోయానా ఏంటి?”

“మనం అద్దెకున్నోళ్లం అక్కా. ఇంటివాళ్లకి తెలిస్తే ఖాళీ చెయ్యమంటారు.”

మొదటి రెండూ మొహమాటం మాటలు. మూడోది అనేవాళ్లని ఒక్కటి అడిగి చూడండి: ఆ దెబ్బ ఏ తప్పు చేసినందుకు పడింది? దెబ్బ గుర్తుంటుంది, ఏ బెత్తమో గుర్తుంటుంది, తప్పు మాత్రం చాలామందికి గుర్తుండదు. బుద్ధి చెప్పడానికే కొట్టారనుకుంటే, ఆ బుద్ధేమిటో గుర్తు లేకపోవడం కాస్త వింతే.

నాలుగో మాటని కొట్టిపారేయలేం. కొట్టే మనిషి ఇంటి ఓనరు కొడుకైతే? మనకి వడ్డీకి డబ్బిచ్చినాయనైతే? ఒకే కులమై, రేపు మనమ్మాయికి సంబంధం కదపాల్సిన ఇల్లైతే? దీన్ని పిరికితనం అనడం సులువు. పట్నంలో కూర్చుని ‘ధైర్యంగా ముందుకు రండి’ అని పోస్టర్లు వేసేవాళ్లకి ఈ లెక్కలు తెలియవు. అందుకే ఆ పోస్టర్లు పనిచేయవు. ఊళ్లో ఉండేవాడు ఊళ్లోనే ఉంటూ, పేరు బయటికి రాకుండా, ఏం చేయగలడన్నది చూడాలి. చేయగలిగింది చాలానే ఉంది. దానికి ముందు ఇంకో సంగతి.

మనం నోరు మూసుకుంటున్నాం అనుకుంటాం గానీ, నిజానికి మూసుకోం. అరుగు మీద చెప్తాం, కుళాయి దగ్గర చెప్తాం, కూరగాయల బండి దగ్గర చెప్తాం. “పాపం, ఆ పిల్లాడి ఒంటి మీద వాతలు చూశారా?” అన్న మాట వీధి వీధంతా తిరుగుతుంది. ఆ మాట విని ఏదైనా చేయగలిగే నలుగురు మనుషుల దగ్గరికి మాత్రం చేరదు.

కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో ఒక పెద్ద అధ్యయనం వెలువరించింది. 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడారు. అందులో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. నూటికి 69 మంది ఏదో ఒక రకంగా ఒంటి మీద హింస అనుభవించామన్నారు. ఇంట్లో దెబ్బలు తిన్నవాళ్లలో 88.6 శాతం మందిని కొట్టింది తల్లిదండ్రులే. సగం మందికి పైగా, 53.22 శాతం, ఏదో ఒక స్థాయిలో లైంగిక వేధింపు జరిగిందన్నారు. ఆ వేధింపు ఎక్కువగా కనపడిన రాష్ట్రాల్లో అస్సాం, బీహార్, ఢిల్లీలతోపాటు మన రాష్ట్రం పేరూ ఉంది. వేధించినవాళ్లలో సగం మంది పిల్లలకి తెలిసినవాళ్లో, పిల్లలు నమ్మినవాళ్లో. అప్పటికింకా రాష్ట్రం విడిపోలేదు. ఆంధ్రప్రదేశ్ లెక్క అంటే ఉభయ తెలుగు నేలలదీ.

ఎల్బీ నగర్, 2015

2015 జులైలో హైదరాబాద్ ఎల్బీ నగర్ ప్రాంతంలో ఒక ఇంటి నుంచి ఒక అమ్మాయిని బయటికి తెచ్చారు. తల్లి లేదు. తండ్రి, సవతి తల్లి దగ్గర ఉండేది. ఒళ్లంతా గాయాలు, కాలిన మచ్చలు. ఎముకలు తేలి ఉంది. ఇరుగుపొరుగువారు చెప్పడంతోనే పోలీసులు, బాలల హక్కుల సంఘం వాళ్లు ఆ గుమ్మం దాకా వెళ్లగలిగారు. ఆ తరవాతి కథ తెలుగువాళ్లకి తెలిసిందే. హైకోర్టు తనంతట తాను పట్టించుకుంది. అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఆసుపత్రికి వెళ్లి చూసి, ఆ అమ్మాయి బాధ్యత ప్రభుత్వానిదన్నారు. ఒక ఐఏఎస్ అధికారి సంరక్షణ చూశారు. ఆమె నర్సింగ్ చదివింది. 2020 డిసెంబర్‌లో పెళ్లి కూడా జరిగింది.

మన పత్రికలు ఆ కథని ముఖ్యమంత్రి కథగా రాశాయి. నాకు మాత్రం అది పొరుగువాళ్ల కథ. వాళ్ల పేర్లు ఎవరూ అచ్చు వేయలేదు, వేయకూడదు కూడా. ఆ ఒక్క మాట పోలీసుల దాకా చేరకపోతే ఆసుపత్రీ లేదు, హైకోర్టూ లేదు, నర్సింగూ లేదు.

ఇంకో వైపు కూడా ఉంది. అప్పటికి ఆ అమ్మాయికి 19 ఏళ్లు. అంటే చట్టం లెక్కలో పిల్ల కూడా కాదు. ఒంటి మీద అన్ని గుర్తులు ఒక్క వారంలో పడవు కదా. చెప్పినవాళ్లని మెచ్చుకుంటూనే, చెప్పడానికి ముందు ఎంత కాలం గడిచిపోయిందో కూడా ఆలోచించాలి.

ఈ కేసు మనకి ఒక పాత నమ్మకాన్ని గట్టిపరిచింది కూడా: హింసించేది సవతి తల్లే అని. మన కథలూ సినిమాలూ ఎప్పటినుంచో చెప్తున్నది అదే. దాంతో ఏమవుతుందంటే, రెండో పెళ్లి చేసుకున్న ఇంట్లో పిల్ల గట్టిగా తుమ్మినా వీధి చెవులు రిక్కిస్తుంది. ‘మంచి కుటుంబం’ అనిపించుకున్న ఇంట్లో కన్నతండ్రో, మేనమామో, ట్యూషన్ చెప్పే అన్నయ్యో ఏం చేస్తున్నా ఎవరికీ అనుమానం రాదు. ఎల్బీ నగర్ కేసులోనూ అరెస్టయింది సవతి తల్లి ఒక్కతే కాదు, కన్నతండ్రి కూడా. ఆ సగం మాత్రం జనం నోళ్లలో నానలేదు.

చట్టం ఎక్కడ గీత గీసింది

ఈ విషయంలో చట్టం ఒకే మాట చెప్పదు. చాలామంది పొరబడేది ఇక్కడే.

విషయం లైంగికమైనదైతే మీ ఇష్టాయిష్టాలకి చోటే లేదు. 2012 నవంబర్ 14 నుంచి అమల్లో ఉన్న పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, 18 ఏళ్లలోపు పిల్లల మీద అలాంటి నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందన్న భయం ఉన్నా, ఎవరైనా సరే పోలీసులకి చెప్పి తీరాలి. ‘ఎవరైనా’ అంటే పొరుగువాళ్లు, ఇంటి ఓనరు, మాస్టారు, ఆర్ఎంపీ డాక్టరు, బంధువు, అందరూ. నేరం జరిగిందని తెలిసి దాచిపెడితే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. సంస్థ నడిపేవాళ్లు దాస్తే ఏడాది దాకా. మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లాలో ఒక బడి హాస్టలు పిల్లలకి వైద్యం చేసిన డాక్టరు, సంగతి తెలిసీ చెప్పలేదన్న కేసుని బొంబాయి హైకోర్టు కొట్టేస్తే, 2022 నవంబర్‌లో సుప్రీంకోర్టు దాన్ని మళ్లీ నిలబెట్టింది. తెలిసి చెప్పకపోవడం తీవ్రమైన నేరమంది. గాలిమాట వినడం వేరు, తెలిసి ఉండడం వేరన్నది నిజమే. కానీ పిల్ల తనే వచ్చి మీకు చెప్పుకుంటే, ఇక అది గాలిమాట కాదు.

‘తప్పని తేలితే నన్ను లోపలేస్తారేమో’ అన్న భయానికి అదే చట్టంలో జవాబుంది. మంచి ఉద్దేశంతో సమాచారం ఇచ్చినవాళ్ల మీద సివిల్ కేసు గానీ క్రిమినల్ కేసు గానీ పెట్టడానికి వీల్లేదు. 22వ సెక్షన్ శిక్ష వేసేది పగతోనో, బెదిరించి డబ్బు గుంజడానికో అబద్ధపు ఫిర్యాదు చేసినవాళ్లకి. పొలంగట్టు తగాదాలో, ప్రహరీగోడ తగాదాలో ఈ చట్టాన్ని ఆయుధంగా వాడుకోవాలనుకునేవాళ్లు ఆ సెక్షన్ చదువుకుంటే మంచిది.

విషయం దెబ్బలైతే కథ మారుతుంది. పిల్లల్ని తమ సంరక్షణలో ఉంచుకున్నవాళ్లు వాళ్లని కొట్టినా, హింసించినా, కావాలని నిర్లక్ష్యం చేసినా, అనవసరమైన శారీరక, మానసిక బాధ కలిగేలా చేస్తే 2015 బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ. తల్లిదండ్రులకీ ఇది వర్తిస్తుంది. కానీ అది చూసిన పొరుగువాడు చెప్పి తీరాలన్న నిబంధన ఇక్కడ లేదు. చెప్పొచ్చు. చెప్పకపోతే శిక్ష లేదు.

ఇందులో ఒక విడ్డూరం ఉంది. నిడదవోలు జంక్షన్‌లో దిక్కులేకుండా తిరుగుతున్న పిల్లాణ్ణి మీరు చేరదీస్తే, 24 గంటల్లోగా పోలీసులకో, 1098కో, బాలల సంక్షేమ కమిటీకో చెప్పాలి. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలుండొచ్చు, పదివేల జరిమానా ఉండొచ్చు. అదే పిల్లాడు మీ గోడ అవతల, సొంత ఇంట్లో, సొంత తండ్రి చేతిలో రోజూ తన్నులు తింటుంటే మీరు చెప్పకపోయినా చట్టం మిమ్మల్ని ఏమీ అనదు. ఇల్లున్న పిల్లాడికి దిక్కున్నట్టేనని చట్టం కూడా అనుకుంటోంది.

బళ్లో కొట్టడాన్ని 2009 విద్యాహక్కు చట్టం నిషేధించింది. ఇంట్లో కొట్టడాన్ని పూర్తిగా నిషేధించిన చట్టం మన దగ్గర లేదు. పాత శిక్షాస్మృతిలో 89వ సెక్షన్ ఉండేది. పన్నెండేళ్లలోపు పిల్లల మేలు కోరి సంరక్షకులు చేసే పనికి అది రక్షణ ఇచ్చేది. 2024 జులైలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలోకి అది 27వ సెక్షన్‌గా వచ్చి కూర్చుంది. కాబట్టి ఒక చెంపదెబ్బకీ, బెల్టుతో కొట్టడానికీ మధ్య గీత ఎక్కడుందో అధికారులూ కోర్టులూ కేసు కేసుకీ తేల్చాల్సిందే. మీరు తేల్చక్కర్లేదు. మన ఊళ్లలో సమాచారం ఇవ్వడమంటే తీర్పు ఇవ్వడం అనుకుంటారు. కాదు. గ్యాస్ వాసన వస్తే ఎక్కడ లీకవుతోందో కనిపెట్టాకే ఫోన్ చేద్దామని ఎవరూ కూర్చోరు కదా.

నూట యాభై ఏళ్ల కిందటి పక్కగది

1873 చివర్లో న్యూయార్క్‌లో ఎట్టా వీలర్ అనే చర్చి సేవకురాలికి ఒక అద్దె ఇళ్ల సముదాయంలో ఒక పిల్లని రోజూ కొడుతున్నారని తెలిసింది. ఏడుపులు విన్న పొరుగువాళ్లే చెప్పారు. ఆ పిల్లని చూడాలంటే వంక కావాలి. పక్కగదిలో మంచం పట్టిన ఒక రోగి ఉంది. ఆమెని పరామర్శించే నెపంతో వీలర్ వెళ్లి ఆ పిల్లని కళ్లారా చూసింది. పోలీసుల్ని అడిగితే రుజువు తెమ్మన్నారు. దాతృత్వ సంస్థలని అడిగితే చట్టప్రకారం అప్పగిస్తే ఉంచుకుంటామన్నారు. చివరికి ఆమె వెళ్లింది జంతువుల మీద క్రూరత్వాన్ని అడ్డుకునే సంఘం పెట్టిన హెన్రీ బెర్గ్ దగ్గరికి. గుర్రాల కోసం సంఘం ఉంది, పిల్లల కోసం లేదు. బెర్గ్ చొరవతో కేసు కోర్టుకెళ్లింది. పెంపుడు తల్లికి ఏడాది జైలు పడింది. పిల్లల రక్షణకంటూ న్యూయార్క్‌లో ఒక సంఘం పుట్టింది ఆ తరవాతే.

అదే అమెరికా ఇప్పుడు రెండో చివర ఉంది. 1962లో హెన్రీ కెంప్ అనే పిల్లల డాక్టరు, దెబ్బలు తిన్న పిల్లల గుర్తుల గురించి వైద్యపత్రికలో రాశాక, కొద్ది ఏళ్లలోనే అన్ని రాష్ట్రాలూ ‘చెప్పి తీరాలి’ చట్టాలు చేశాయి. 2017లో వచ్చిన ఒక పరిశోధన లెక్క ప్రకారం అక్కడ 18 ఏళ్లు నిండేలోపు నూటికి 37 మంది పిల్లల ఇళ్లకి ఏదో ఒక దర్యాప్తు వస్తుంది. నల్లజాతి పిల్లల్లో అది 53. ఎక్కువ భాగం రుజువు కాకుండానే మూతపడతాయి. పేదరికాన్ని నిర్లక్ష్యంగా చూడడం అక్కడ పెద్ద విమర్శ.

మనమింకా మొదటి చివరలోనే ఉన్నా ఈ హెచ్చరిక మనకీ పనికొస్తుంది. ఇటుక బట్టీ దగ్గర గుడిసెలో ఉండే కుటుంబం పిల్లాడు మాసిన బట్టల్లో, చీమిడి ముక్కుతో తిరుగుతుంటే అది హింస కాదు, లేమి. వాడికి కావలసింది అంగన్వాడీలో గుడ్డూ పాలూ, బళ్లో చోటూ. మనం మాత్రం ఆ గుడిసె మీద త్వరగా అనుమానపడతాం. రెండంతస్తుల మేడలో అంట్లు తోముతున్న పదకొండేళ్ల పిల్లని చూసి ‘చదువు చెప్పిస్తున్నారట’ అని సరిపెట్టుకుంటాం. ఏజెన్సీ నుంచో, మెట్ట ఊళ్ల నుంచో తెచ్చిన ఆ పిల్లని ఇంటిపనికి పెట్టుకోవడం 2006 అక్టోబర్ 10 నుంచి నేరం. ఆ మేడ గురించి ఫోన్ చేయడానికే ఎక్కువ ధైర్యం కావాలి. నా లెక్కలో మన చిత్తశుద్ధి తేలేది అక్కడే.

కువైట్‌లో అమ్మ

గోదావరి జిల్లాల్లో ఎక్కువగా కనపడే సంగతి ఒకటుంది. ఇక్కడి నుంచి వేలమంది ఆడవాళ్లు ఇంటిపనికి కువైట్, దుబాయ్, మస్కట్ వెళ్తారు. పిల్లలు అమ్మమ్మ దగ్గరో, నాన్న దగ్గరో, పిన్ని బాబాయిల దగ్గరో ఉంటారు. చాలా ఇళ్లలో వాళ్లు బాగానే పెరుగుతారు. అమ్మమ్మలు పెంచిన పిల్లలతోనే డెల్టా సగం నిండింది. కానీ ఏదైనా తేడా జరుగుతున్న ఇంట్లో, రాత్రి వీడియో కాల్‌లో అమ్మకి కనపడేది మొహం ఒక్కటే. ఫోను పట్టుకున్న చెయ్యి ఎవరిదో ఆవిడకి కనపడదు. కొట్టే మనిషి పక్కనే కూర్చుంటే పిల్ల “బానే ఉన్నానమ్మా” అనే అంటుంది.

అలాంటి పిల్లకి పొరుగింటి మనిషే కన్ను. కువైట్‌లో ఉన్న తల్లికి నేరుగా ఫోన్ చేసి చెప్పడం ముందు తట్టే ఆలోచన. తల్లికి తెలియాల్సిందే, కానీ మొదట ఆవిడకే చెప్తే ఏమవుతుందో ఊహించండి. ఆవిడ ఏడుస్తూ ఇంటికి ఫోన్ చేసి నిలదీస్తుంది. వేల కిలోమీటర్ల అవతల నుంచి ఇంకేం చేయలేదు. ఫోన్ పెట్టేశాక ఆ గదిలో పిల్ల ఒక్కతే మిగులుతుంది.

ఇదే లెక్క అన్ని ఇళ్లకీ. ‘ముందు వాళ్లనే కూర్చోబెట్టి మందలిద్దాం’ అన్నది మన ఊరి పెద్దమనిషి పద్ధతి. కాస్త చిరాకు మనిషో, తాగుడు మొదలైన మనిషో, పిల్లాడి చదువు విషయంలో అదుపు తప్పుతున్న తల్లో అయితే ఆ పద్ధతి పనిచేస్తుంది. “వదినా, పిల్లాణ్ణి కాసేపు మా ఇంటికి పంపించు, నేను చూసుకుంటాను” అన్న ఒక్క మాటకి చెయ్యి ఆగిన ఇళ్లు ఎన్నో ఉంటాయి. ఒంటరిగా ముగ్గురు పిల్లలతో వేగుతున్న తల్లికి కావలసింది పోలీసు కాదు, ఆ గంటసేపు ఊపిరి. కానీ కాలిన మచ్చలు, విరిగిన ఎముకలు, గదిలో పెట్టి తాళం, రోజుల తరబడి తిండి పెట్టకపోవడం, లైంగికమైన అనుమానం, వీటిలో ఏ ఒక్కటున్నా మందలింపు జోలికి పోకూడదు. మీరు మందలించి ఇంటికొచ్చేస్తారు. ఆ రాత్రి ‘ఎవరికి చెప్పావు?’ అన్న ప్రశ్న పిల్లాడికి ఎదురవుతుంది.

ఫోన్ చేస్తే ఏమవుతుంది

1098ని పది-తొమ్మిది-ఎనిమిది అని పిల్లలకి నేర్పుతారు. 1996లో ముంబైలో మొదలైంది. దేశమంతా స్వచ్ఛంద సంస్థలు నడిపాయి. 2023 నుంచి రాష్ట్ర ప్రభుత్వాల మహిళా శిశు సంక్షేమ శాఖల చేతికొచ్చి, 112 అత్యవసర నంబరుతో ముడిపడింది. పేరు చెప్పకుండా కూడా సమాచారం ఇవ్వొచ్చు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు నిడదవోలు పశ్చిమ గోదావరి నుంచి తూర్పు గోదావరికి వచ్చింది. పెద్ద ఆఫీసంటే ఏలూరే అనుకునే అలవాటు పోనివాళ్లు ఇంకా ఉన్నారు. ఇప్పుడు జిల్లా కేంద్రం రాజమహేంద్రవరం. ఏ ఆఫీసు ఏ ఊళ్లో ఉందో మీరు వెతుక్కోనవసరం లేదు, ఆ నంబరే చేరవేస్తుంది.

ఫోన్ అంటే జంకైతే మనుషులున్నారు. ఆరేళ్లలోపు పిల్లలైతే అంగన్వాడీ టీచరు. బరువు తూచే మనిషి కాబట్టి పిల్ల చిక్కిపోతే ముందు తెలిసేది ఆవిడకే. బడికెళ్లే పిల్లాడైతే క్లాసు టీచరు. వార్డు సచివాలయాలు వచ్చిన 2019 నుంచి వాటిలో మహిళా పోలీసు ఉద్యోగం కూడా ఉంది. ఆశా కార్యకర్త ఉంది. వీళ్లకి చెప్తే మీ పేరు వీధిలో పడే అవకాశం తక్కువ. అయితే లైంగిక నేరం విషయంలో వీళ్లకి చెప్పి ఊరుకుంటే చాలదు. పోలీసులకి చేరాల్సిందే.

చెప్పేటప్పుడు చూసింది, విన్నది మాత్రమే చెప్పండి. ‘వాడు రాక్షసుడండీ’ అంటే ఎవరికీ ఉపయోగం లేదు. ‘మంగళవారం రాత్రి పదిన్నరకి పావుగంట సేపు కేకలు వినపడ్డాయి, బుధవారం పొద్దున పిల్లాడి వీపు మీద మూడు వాతలు చూశాను’ అంటే అది సమాచారం. పిల్లాణ్ణి పక్కకి పిలిచి అడ్డగోలుగా ప్రశ్నలు వేయకండి. నలుగురు నాలుగు రకాలుగా అడిగితే వాడు చెప్పేది మారుతుంది, రేపు కోర్టులో అదే వాడికి ఎదురుతిరుగుతుంది. తనంతట తాను చెప్తే వినండి. ‘ఎవరికీ చెప్పను’ అని మాట మాత్రం ఇవ్వకండి.

ఇక వాట్సాప్. గాయాల ఫోటో తీసి ‘మన నిడదవోలు’ లాంటి పేరున్న గ్రూపులో పెట్టడం సాయం అనుకుంటున్నారు చాలామంది. పిల్లల వివరాలు బయటపెట్టడం బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద నేరం. పోక్సో కేసుల్లోనూ నిషేధమే. ఆ ఫోటో పిల్లకి పదేళ్లు నిండినా, పెళ్లీడుకొచ్చినా ఆ ఊళ్లోనే తిరుగుతుంటుంది.

సమాచారం అందాక పిల్లల్ని వెంటనే లాక్కుపోతారన్న భయం ఒకటుంది. చట్టం ఆ దారి పట్టలేదు. బాలల సంక్షేమ కమిటీలో ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు ఉంటారు. ఆ నలుగురిలో కనీసం ఒకరు మహిళ. కమిటీకి మేజిస్ట్రేట్ బెంచి అధికారాలున్నాయి. పిల్లల్ని హోమ్‌లో పెట్టడం ఆఖరి మార్గంగానే ఉండాలని, వీలైనంతవరకు కుటుంబంలోనే ఉంచాలని చట్టంలోనే రాసి ఉంది. పోక్సోలో, చేసినవాడు అదే ఇంట్లో ఉంటే, పిల్లని అక్కడినుంచి తియ్యాలా వద్దా అన్నది కమిటీ మూడు రోజుల్లో తేల్చాలి. వాంగ్మూలం పోలీస్ స్టేషన్‌లో కాదు, పిల్ల ఇంట్లో గానీ తనకి నచ్చిన చోట గానీ తీసుకోవాలి. వచ్చే అధికారి యూనిఫాంలో ఉండకూడదు.

ఇవన్నీ కాగితం మీద బాగున్నట్టు నేల మీద ఎప్పుడూ ఉండవు. స్టేషన్‌లో ‘ఇంటి విషయం, సర్దుకోండి’ అని పంపించేవాళ్లుంటారు. అలాంటప్పుడు ఎస్పీకి రాతపూర్వకంగా పంపే దారి చట్టంలో ఉంది, కమిటీకి నేరుగా చెప్పే దారీ ఉంది. కేసయ్యాక మీరు సాక్షిగా వెళ్లాల్సి రావొచ్చు కూడా. దాన్ని దాచి మిమ్మల్ని ప్రోత్సహించడం నాకిష్టం లేదు.

చివరగా ఇంకో కేసు. 2012లో నార్వేలో మన తెలుగు సాఫ్ట్‌వేర్ ఇంజినీరుకి 18 నెలలు, ఆయన భార్యకి 15 నెలలు జైలుశిక్ష పడింది, ఏడేళ్ల కొడుకుని హింసించారని. పిల్లాడు బళ్లో చెప్పిన మాటతో కదిలింది ఆ కేసు. అప్పట్లో ఇక్కడ టీవీల్లో గంటల తరబడి చర్చ నడిచింది. ‘కన్నపిల్లాణ్ణి ఒక మాటంటే జైలా’ అని మనవాళ్లు మండిపడ్డారు. నార్వే 1987 నుంచే ఇంట్లో కొట్టడాన్ని నిషేధించిన దేశం. ఆ శిక్ష ఎక్కువా తక్కువా అన్నది వాదించుకోవచ్చు. కానీ ఆ చర్చల్లో తల్లిదండ్రుల పరువు గురించి, దేశం పరువు గురించి మాట్లాడినంతలో పదో వంతు కూడా ఆ ఏడేళ్లవాడి గురించి మాట్లాడలేదు. పక్కింటి పిల్లాడి విషయంలో మనం చేస్తున్నదీ అదే. వాళ్లేమనుకుంటారు, వీళ్లేమనుకుంటారు అని అందరి తరఫునా ఆలోచిస్తున్నాం, వాడి తరఫున తప్ప.

ఇది చదువుతుండగా మీ వీధిలో ఏ పిల్లో, పిల్లాడో గుర్తొచ్చి ఉంటే, రేపు ఆఫీసులు తెరిచేదాకా ఆగకండి. 1098 ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, ఆదివారం కూడా.